హన్సి కనుబొమ్మ, ఐదు శనివారాలు

ఖలీల్‌వాడిలో చాయ్ కప్పులు చిన్నవైపోతున్నాయి. నిజామాబాద్ డాక్టర్లలో చాలామంది ఆ గల్లీల్లోనే ఉంటారు కాబట్టి, అక్కడ చాయ్ తాగేవాళ్ళలో సగం మంది కప్పు వంక చూసే స్థితిలో ఉండరు. ఆ ధైర్యంతోనే చేస్తున్నారనుకుంటాను. ఒకప్పుడు కప్పుకు మూడు గుటకలు వచ్చేవి, ఇప్పుడు ఒకటిన్నర. ఆ అర గుటకను ఏం చేసుకోవాలో తెలియక మొన్న ఒక బండి దగ్గర కొంచెం గట్టిగానే అడిగాను. చాయ్ పోసే ఆయన తలెత్తకుండా, "పరేషాన్ ఎందుకు సార్, రెండు తాగుండ్రి" అన్నాడు. పరిష్కారం అంత దగ్గర్లో ఉంటుందని నాకు తట్టలేదు.

మా పాప హన్సి పుట్టిన ఏడాది నేను ఆ గల్లీల్లో చాలా చాయ్ తాగాను. ఇప్పుడు పాపకు నాలుగేండ్లు. తలకు నూనె రాయబోతే ఇల్లంతా పరిగెత్తుతుంది, అంటే ఆరోగ్యంగా ఉందని అర్థం. అప్పటి సంగతి రాయమని ఇద్దరు ముగ్గురు అడిగారు. వాళ్ళ ఇళ్ళల్లో పసిపిల్లలున్నారు, ఆ పిల్లల తలల గురించి అనుమానాలున్నాయి. వాళ్ళ కోసమే రాస్తున్నానని చెప్పుకుంటున్నాను. నిజానికి ఆ రోజులు అప్పుడప్పుడు గుర్తొచ్చి, ఒక్కసారి అటు పోయి రావాలనిపిస్తుంది. భయపడ్డ రోజుల మీద మనసు పడటం తెలివైన పని కాదు. కానీ పడింది.

హన్సి ఆగస్టులో పుట్టింది. పూర్తి పేరు ఎస్తేరు హన్సిక. ఎస్తేరు మా అవ్వ పెట్టింది, హన్సిక నా భార్య సునీత పెట్టింది. మా వైపు అమ్మను అవ్వ అంటాం, నాన్నను బాపు అంటాం. పేరు పెట్టే అవకాశం నాకు రాలేదు, ఆ టైంకు నేను బర్త్ సర్టిఫికెట్ లైన్‌లో ఉన్నాను. మేం మెథడిస్టులం. బోధన్‌లో, మూతబడ్డ చక్కెర ఫ్యాక్టరీకి దగ్గర్లో ఉంటాం. సునీత చందూర్ వైపు సర్కారు బడిలో టీచరు. బాపు ఆ ఫ్యాక్టరీలోనే పాన్ మ్యాన్‌గా చేసి రిటైరయ్యాడు. చెరుకురసం చిక్కబడి చక్కెర గింజ కట్టే పెద్ద పాత్రను పాన్ అంటారు, దాని దగ్గర నిలబడి గింజ ఎప్పుడు కట్టిందో చెప్పే మనిషి పాన్ మ్యాన్. ఇక నేను జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. మనిషి కపాలంలో ఇరవై రెండు ఎముకలుంటాయని ఏటా రెండు సెక్షన్లకు చెప్పి, ఇరవై నాలుగని రాసినవాళ్ళకు సున్నా వేస్తాను. ఆ ఎముకలు ఎప్పుడైనా మన ఇంటికి రావచ్చని సిలబస్‌లో లేదు.

పుట్టిన నెలకే పాప ఒక కనుబొమ్మ పైకెత్తి చూడటం మొదలుపెట్టింది. కుడిది. ఎవరేం చెప్పినా నమ్మనట్టు, రుజువు అడుగుతున్నట్టు ఉండేది ఆ చూపు. మా అయ్యగారు, అంటే పాస్టరు, ఇంటికొచ్చి ప్రార్థన చేస్తే ఆయన వంక కూడా అలాగే చూసింది.

"గిదంత నీ పోలికనేరా," అన్నాడు బాపు. "పుట్టంగనే అనుమానం."

నేను మురిసిపోయాను. కాలేజీలో కూడా చెప్పుకున్నాను. ఆ మురిపెం మూడు నెలలు నడిచింది. రోగాన్ని పోలిక అనుకున్న ఇల్లు మాది ఒక్కటే కాకపోవచ్చు, అయినా ఇక్కడ రాసి పెడుతున్నాను.

నుదురు కుడి పక్క కొంచెం చదునుగా ఉందని ముందుగా పట్టింది అవ్వ. పట్టి ఊరుకునే మనిషి కాదు. ఆవాలు పోసి అరచేయంత దిండు కుట్టింది. స్నానం పోసేటప్పుడు పీట మీద కూర్చొని, కాళ్ళు చాపి, పాపను కాళ్ళ మీద పండబెట్టుకొని, నూనె చేతులతో తలను గుండ్రంగా ఒత్తేది. నా తల, మా చెల్లె తల, మా గల్లీలో ఇంకో పదిహేను తలలు అలాగే ఆమె చేతుల్లో గుండ్రబడ్డాయట. "మూడు నెల్ల దాక తల మన చేతుల ఉంటది. ఆ తర్వాత దేవుని చేతులకు పోతది," అనేది.

నవంబర్ వచ్చింది. నుదురు మాట వినలేదు. పాప పాలు సరిగ్గా తాగేది కాదు, సాయంత్రం ఐదైతే ఏడుపు మొదలు. ఆ ఏడుపుకు ఒక క్రమశిక్షణ ఉండేది. ఒకప్పుడు ఫ్యాక్టరీ సైరన్ మోగితే బోధన్ అంతా గడియారాలు సరిచేసుకునేది, ఆ పని ఇప్పుడు మా గల్లీ వరకు హన్సి చేసింది.

"ఇంక జర గట్టిగ ఒత్తవలసుండె," అని అవ్వ తనను తాను తిట్టుకుంది.

"అసలు ఒత్తవట్టే గిట్లయింది," అని సునీత నాతో అంది, అవ్వకు వినబడేంత మెల్లగా.

ఆ తర్వాత ఇంట్లో మాటలు తగ్గాయి. ఇద్దరూ ఏదైనా చెప్పుకోవాలంటే నాకు చెప్పేవాళ్ళు. నేను అవతలికి చేరవేసేవాణ్ణి, దారిలో సగం మరిచిపోయేవాణ్ణి. ఆ మతిమరుపే ఆ నెల ఇంటిని నిలబెట్టిందని ఇప్పటికీ నా నమ్మకం.

డిసెంబర్ నాలుగో వారం ఖలీల్‌వాడిలో పిల్లల డాక్టరుకు చూపించాం. హాలులో కుర్చీలు గోడకు బిగించి ఉన్నాయి, ఎవరైనా ఎత్తుకుపోతారని కాబోలు. మా నంబర్ ముప్పై ఏడు. డాక్టరు మంచి మాటకారి, మా కంటే ముందు వెళ్ళినవాళ్ళందరూ నవ్వుతూ బయటికొచ్చారు. పాప తల మీద వేళ్ళు పెట్టి, కుడి పక్క ఒక చోట ఆగి, ఆయన మాటలు ఆపేశాడు. నాకు అక్కడే సగం తెలిసింది.

"తల ఎముకల నడుమ అతుకులుంటయి, మీకు తెలుసు కదా సార్," అన్నాడు. "తల పెరగాలంటే అవి తెరిచి ఉండాలె. కుడి పక్కది ముందే మూసుకున్నదేమోనని డౌటు. కాకపోవచ్చు గూడ. హైదరాబాద్‌ల పిల్లల తలలు చూసే సర్జన్ ఉన్నడు, ఆయనకు చూపియ్యండి. స్కాన్ ఆయన చూసుకుంటడు."

"మూసుకుంటే?" అంది సునీత.

"తెరవాలె."

తలుపు సంగతి చెప్పినంత మామూలుగా చెప్పాడు. ఆయన మంచివాడు, వేరేగా చెప్పినా ఆ మాట అదే. అవ్వ ఒత్తడం వల్ల అయిందా అని సునీత అడిగింది. కాదు, ఇది కడుపులోనే మొదలవుతుంది, ఎవరి తప్పూ లేదు అన్నాడు. ఆ వాక్యం నేను ఇంటికెళ్ళి అవ్వకు చేరవేశాను. దారిలో ఒక్క ముక్క కూడా మరిచిపోలేదు.

హైదరాబాద్ పెద్ద డాక్టరు అపాయింట్‌మెంట్, సునీత ఫోన్ నంబర్ మీద, ఐదు వారాల తర్వాతకు దొరికింది. జనవరి చివరి మంగళవారం, పదిన్నరకు. ఈలోపు ప్రమాదం లేదన్నారు. ఐదు వారాలు ఊరకే కూర్చోమన్నారు. ఏమీ చేయకుండా ఉండటం మా ఇంట్లో ఎవరికీ రాదు.

క్రేనియోసేక్రల్ అనే మాట మా ఇంట్లోకి అలా వచ్చింది. ఆ హాలులోనే నవీపేట్ నుంచి వచ్చిన ఒక తల్లి సునీతతో చెప్పింది: "అక్కా, ఇక్కన్నే ఒక మేడమ్ ఉన్నది. పిల్లల తల మీద, నడుము కింద ఉత్తగ చేతులు పెట్టి కూసుంటది. ఒత్తదు, గుంజదు. మావోడు పుట్టినప్పటి సంది పండుకున్నది ఆమె దగ్గరనే." నేను ఇంటికొచ్చి చదివాను. కపాలం నుంచి వెన్నెముక చివరి దాకా ఒక నెమ్మదైన కదలిక ఉంటుందనీ, మెత్తటి స్పర్శతో దాన్ని సర్దవచ్చనీ ఆ చికిత్స చేసేవాళ్ళు చెబుతారు. గట్టి రుజువులు లేవని మిగతావాళ్ళు చెబుతారు. రెండోది సునీతకు చదివి వినిపించాను.

"రుజువు పండుకోబెడ్తదా?" అంది సునీత. అప్పటికి ఆమె మూడు నెలల నుంచి ముక్కలు ముక్కలుగా నిద్రపోతోంది. నేను కారు తీశాను.

మొదటి శనివారం.

పాత చిన్న కారు. ముందు నేను, పక్కన సునీత, వెనక పాపను ఒళ్ళో పెట్టుకొని అవ్వ. ఎడపల్లి దాటాక పొలాల మీద పొగమంచు, మధ్యలో చెరుకు ట్రాక్టరు ఒకటి. ఇప్పుడు మా వైపు చెరుకు తక్కువ, వరి ఎక్కువ. ట్రాక్టరు కనబడితే అవ్వకు ప్రాణం లేచొచ్చేది, ఫ్యాక్టరీ మళ్ళీ తెరిచినట్టు మురిసేది.

బట్టల దుకాణం పైన ఒక గది. పసుపు రంగు కర్టెన్, నేల మీద పరుపు, గోడవారగా నాలుగు కుర్చీలు. బిగించి లేవు. వైశాలి మేడమ్‌కు నలభై ఉంటాయేమో. ధర్మాబాద్ వైపు మరాఠీ మనిషి, నవీపేట్ కోడలు. ఫిజియోథెరపీ చదివి, ఈ చికిత్స పుణెలో నేర్చుకుందట. అవ్వను చూడగానే "యా ఆయీ, కూర్చో" అంది. అవ్వకు మరాఠీ రాదు, అయినా యా అంటే రమ్మని, ఆయి అంటే అమ్మ అని బోధన్ సంతలో అందరికీ తెలుసు. అక్కడికే అవ్వ సగం ఒప్పుకుంది.

మేడమ్ వేడినీళ్ళతో చేతులు కడుక్కొని, తుడుచుకొని, రెండూ రుద్దుకొని, ఒక చెయ్యి పాప తల కింద, ఒకటి నడుము కింద పెట్టింది. అంతే. అగ్గిపెట్టె బరువు కూడా వేయలేదు. కళ్ళు మూసుకుంది. పాప కాసేపు కనుబొమ్మ ఎత్తి ఆమె యోగ్యతలు పరిశీలించింది. తర్వాత ఆవులించింది. తర్వాత, నవంబర్ నుంచి మేమెవరం చూడనిది జరిగింది, పగటి పూట నిద్రపోయింది. సునీత గోడకు తల ఆనించి తనూ నిద్రపోయింది. కర్టెన్‌లోంచి పసుపు వెలుగు ఇద్దరి మీదా పడుతోంది. ఆ గదిలో నేను కదిలితే చప్పుడవుతుందని ఒక కాలు తిమ్మిరెక్కినా అలాగే ఉంచాను. భర్తగా నా త్యాగాల్లో అది పెద్దదే.

నలభై నిమిషాల తర్వాత మేడమ్ మెల్లగా చేతులు తీసింది. ఆ నిశ్శబ్దంలో, నా వెనక నుంచి, గట్టిగా:

"ఆమేన్!"

చూస్తే అవ్వ. కొంగు తల మీద కప్పుకొని, చేతులు జోడించి, కళ్ళు మూసుకొని, మొదటి నుంచీ ప్రార్థనలోనే ఉంది. మా మందిరంలో రోగుల తల మీద చేతులు పెట్టి ప్రార్థన చేస్తారు. చేతులు పెట్టారు, కళ్ళు మూసుకున్నారు, ఇక మిగిలింది ఆమేన్, అది ఎవరూ అనకపోతే తను అంది. మేడమ్ నా వైపు చూసింది. నేను కర్టెన్ వైపు చూశాను.

తిరుగు దారిలో విప్పి చెప్పాను. "అవ్వా, అది ప్రార్థన గాదు. చికిత్స."

"ప్రార్థన గాకపోతే గంత సేపు కండ్లు మూసుకొని ఏం జేస్తది?"

"వేళ్ళతో వింటదట."

"ఎవ్వర్ని?"

నేను గేరు మార్చాను.

రెండో శనివారం నాటికి అవ్వ స్త్రీల సమాజంలో చెప్పేసింది, నిజామాబాద్‌లో ఒకామె మౌన ప్రార్థన చేస్తున్నదని. మేం గదికి చేరేసరికి మెట్ల కింద ఆటో ఆగి ఉంది. దాంట్లోంచి బోధన్ పెద్దమ్మలు ముగ్గురు దిగారు. ఒకామెకు మోకాలు, ఒకామెకు నడుము, మూడో ఆమెకు ఏమీ లేదు, చూద్దామని వచ్చింది.

"ఆమెది ఏ మందిరం బిడ్డా?" అని నన్ను అడిగారు.

"ఏ మందిరం లేదు పెద్దమ్మా."

"లేకుంటే పిల్ల చేతుల కింద ఎట్ల పండుకుంటది? సాక్ష్యం చెప్పమనాలె ఆమెను."

వైశాలి మేడమ్ వాళ్ళను పంపించివేయలేదు. పాప పని అయ్యాక మోకాలి పెద్దమ్మను పరుపు మీద కూర్చోబెట్టి, మోకాలు మీద పది నిమిషాలు చెయ్యి ఉంచింది. "ఆయీ, ఇది ప్రార్థన కాదు," అంది. "నాకు ప్రార్థన రాదు."

"రాకున్నా మంచిగనే జేస్తున్నవ్," అంది పెద్దమ్మ.

ఆ రోజు ఆమేన్‌లు నాలుగు. బట్టల దుకాణం ఆయన మెట్ల మీదికి వచ్చి చూసిపోయాడు.

మూడో శనివారం బాపు వచ్చాడు. ఆయన ఎక్కడికీ రాని మనిషి. క్రిస్మస్ స్టార్ ఇంకా ఇంటి ముందు వేలాడుతోంది, దాన్ని దింపమంటే వినకుండా కారెక్కాడు. గదిలో మేడమ్ ఎదురుగా కూర్చొని ఆమె వేళ్ళనే చూశాడు, గంట కదల్లేదు. చివర్లో అడిగాడు.

"ఏమనుకోకు బిడ్డా. వేళ్ళకు ఏం తెలుస్తది నీకు?"

మేడమ్ కొంచెం ఆలోచించింది. "చిన్న అల లాగ ఉంటది బాబా. వస్తది, పోతది. ఒక్కోసారి నిజంగ తెలుస్తదో, నేనే అనుకుంటనో, నాకే డౌటు."

బాపు తల ఊపాడు. "మాకు గూడ అంతే. పాన్‌ల నుంచి జర పాకం తీసి, గాజుముక్క మీద ఏసి, బొటనవేలుతో నలిపి చూస్తుంటిమి. గింజ కట్టిందా లేదా వేలే చెప్పాలె. మిషిన్లు తర్వాత వచ్చినయి."

"తప్పు పోయేదా?"

"పోయేది. పోయినప్పుడు ఒప్పుకోవాలె. ఒప్పుకోకుంటే పాన్ మొత్తం ఖరాబైతది."

ఇద్దరూ కాసేపు ఒకరి చేతులు ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు. నా జీవితంలో నేను చూసిన మంచి సెమినార్లలో అదొకటి. బాపు వెళ్ళిపోయి రెండేండ్లయింది. ఆయన గుర్తొచ్చినప్పుడు ఫ్యాక్టరీ కాదు, ముందు ఆ పసుపు గదే కనబడుతుంది.

జనవరి మధ్యకు ఇల్లు మారిపోయింది. పాప సాయంత్రం ఏడుపు సగానికి తగ్గింది. పాలు తాగుతోంది. నాలుగో నెల దాటితే చాలామంది పిల్లలు అలాగే కుదురుకుంటారని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాకు కనబడ్డవి ఆ చేతులే. సునీత, అవ్వ నేరుగా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు, నా ఉద్యోగం పోయింది. నాలుగో శనివారం నుంచి వస్తూ కారులో అందరం నవ్వుకున్నాం. దేనికో గుర్తు లేదు.

ఆ వారమే అవ్వ అంది, "మానుతున్న పిల్లను తీస్కపోయి కోయిపిస్తరా?"

సునీత పాపను ఎత్తుకొని లోపలికి పోయింది.  తెరవాలె అనే మాట డిసెంబర్ నుంచి నా చెవిలో అద్దెకుంటోంది. క్లాసులో కపాలం పటం వేలాడదీసినప్పుడల్లా కుడి పక్క ఆ అతుకు గీత మీద నా కర్ర ఆగిపోయేది. పిల్లలు రాసుకోవడానికి ఆగాననుకొని రాసుకునేవాళ్ళు. నుదురు అలాగే ఉంది. నేను ఇంట్లో నిద్ర వంక చూసేవాణ్ణి, నుదురు వంక చూడటం మానేశాను. గురువారం స్టాఫ్‌రూమ్‌లో ఎవరూ లేనప్పుడు హైదరాబాద్‌కు ఫోన్ చేసి, మంగళవారం రాలేం, అపాయింట్‌మెంట్ తీసేయండి అన్నాను. కౌంటర్‌లో అమ్మాయి కారణం అడగలేదు. అడిగితే చెప్పడానికి మూడు కారణాలు తయారుగా పెట్టుకున్నాను, వృథా అయ్యాయి. తర్వాత థర్డ్ అవర్ క్లాసుకు వెళ్ళి శ్వాసక్రియ చెప్పాను. బాగానే చెప్పాను.

ఐదో శనివారం పాప అలవాటు కొద్దీ వెంటనే పండుకుంది. నేను తేలిక మనసుతో, నవ్వుతూనే అన్నాను: "మేడమ్, ఇంక హైదరాబాద్ అవసరం ఉండదేమో. మీ చేతులే సరిపోయినయి."

వైశాలి మేడమ్ కళ్ళు తెరిచింది. చేతులు మధ్యలోనే తీసేసింది. ఆ ఐదు వారాల్లో అలా తీయడం అదే మొదటిసారి.

"సార్, మీరు జువాలజీ చెప్తరు కదా," అంది. "నిద్ర వేరే, నుదురు వేరే. ఎముక కలిసిపోతే నా చేతులు తెరవలేవు. నావే కాదు, ఎవరి చేతులూ. మొదటి రోజు నుంచి ఆ గీత దగ్గర నాకు ఏం తెలుస్తలేదు. తెలిస్తే బాగుండని నేను కూడా చూసిన. తెలుస్తలేదు."

"కానీ ఇంత మంచిగ..."

"మీరు మంగళవారం పోకపోతే, శనివారం ఇక్కడికి కూడా రావద్దు. నేను ముట్టను."

ఆమె గొంతు పెంచలేదు. పాపను తనే ఎత్తి సునీత చేతుల్లో పెట్టింది. ఆ రోజు అవ్వ ఆమేన్ అనలేదు. కొంగు సర్దుకొని నా వంక చూసి, "లే," అంది. "పైసలేమన్న తక్కువుంటే చూస్కో. మంగళవారం పొద్దుగాల్ల బయలెల్లాలె."

నేను కారు తిప్పి వస్తానని మెట్లు దిగాను. బట్టల దుకాణం ముందు, బొమ్మలకు కట్టిన చీరల మధ్య నిలబడి ఫోన్ చేశాను. నంబర్ రెండుసార్లు తప్పు పోయింది. అదే అమ్మాయి గొంతు. పాప పేరు చెప్పాను.

"ఉన్నది సార్. మంగళవారం, పదిన్నర."

"గురువారం వద్దన్నాను కదమ్మా?"

"లిస్టులో ఉన్నది సార్, రండి," అని పెట్టేసింది. వెనక ఇంకో ఫోన్ మోగుతోంది.

ఆ అమ్మాయి మొహం నేనెప్పుడూ చూడలేదు. పిల్లల విషయం కదా, తండ్రి మళ్ళీ ఫోన్ చేస్తాడులే అని ఆ పేరు కొట్టేయకుండా ఉంచి ఉంటుంది. మంగళవారం కౌంటర్‌లో ఉన్న ముగ్గురిలో ఎవరో తెలియక ముగ్గురికీ నమస్కారం పెట్టాను.

హైదరాబాద్ సంగతి ఎక్కువ రాయను. స్కాన్‌లో ఆ గీత లేదు. ఉండాల్సిన చోట నున్నగా ఎముక. మంచి టైంకు తెచ్చారు, ఏడాది లోపు చేస్తే మంచిగ కుదురుతుంది అన్నాడు సర్జన్. మే నెలలో చేశారు. థియేటర్ బయట హాలులో ఆరు గంటలు. ఏసీ ఎక్కువ, అవ్వ రెండు కొంగులు కప్పుకుంది. ఒకటి సునీతది. ఎవరో తెలియని కర్నూలు ఆయన మాకు పులిహోర పొట్లం ఇచ్చి, "మా వాడిది పోయినేడు అయింది, ఇప్పుడు చెట్లెక్కుతున్నాడు" అన్నాడు. ఆ పులిహోరలో ఉప్పు ఎక్కువ. ఇప్పటి వరకు నేను తిన్న పులిహోరల్లో అదే మేలైనది.  బాపు బొటనవేలు, చూపుడువేలు ఒకదాన్నొకటి రుద్దుకుంటూనే ఉన్నాయి, ఆరు గంటలూ.

రెండు రోజులు పాప మొహం వాచి కళ్ళు మూసుకుపోయాయి. మూడో రోజు కుడి కన్ను తెరిచింది, తర్వాత ఎడమది. రెండు కనుబొమ్మలూ దాదాపు ఒకే ఎత్తులో ఉన్నాయి. నన్ను చూసింది. పూర్తిగా నమ్మినట్టు చూసింది. అందరూ ఏడుస్తున్నారు, నాకు మాత్రం ఎవరో కొత్త పిల్ల వచ్చినట్టనిపించింది. ఆ పాత అనుమానపు చూపు ఎక్కడికి పోయిందోనని వెతుక్కున్నాను. ఇది ఎవరికీ చెప్పలేదు. పాత ఫొటోలు అప్పుడప్పుడు తీసి చూసుకుంటాను.

మేడమ్ ఇప్పుడు నాందేడ్‌లో ఉంటోంది. ఆపరేషన్ తర్వాత పాపను తీసుకెళ్తే తల ముట్టలేదు, పాదాలు పట్టుకొని కూర్చుంది. ఆ గదిలో ఇప్పుడు మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. పసుపు కర్టెన్ లేదు. అటు పోయినప్పుడల్లా కొన్నవి, అవసరం లేని కవర్లు మూడు నా దగ్గరున్నాయి.

పోయిన ఆదివారం వేల్పూర్ నుంచి ఒక జంట మా ఇంటికి వచ్చింది. ఆయన పసుపు పండిస్తాడట. ఆమె ఒళ్ళో ఐదు నెలల బాబు, తలకు టోపీ. ఎవరో చెబితే వైశాలి మేడమ్ నంబర్ కోసం వచ్చారు. అవ్వ లోపలి గదిలో హన్సికి తల దువ్వుతోంది, సునీత వంటింట్లో ఉంది. నేను వాళ్ళకు మొదటి ఆమేన్ చెప్పాను, ఆటో పెద్దమ్మల సంగతి చెప్పాను. బాగా నవ్వారు. నేను ఆ కథ బాగానే చెబుతాను, అలవాటైంది.

"మాకు గూడ హైదరాబాద్ రాసిచ్చిండ్రు అన్నా," అన్నాడు ఆయన, నవ్వు ఇంకా మొహం మీద ఉండగానే. "ముందుగల్ల నాందేడ్ పోయొస్తం. ఆమె దగ్గర మంచిగైతే ఆపరేషన్ ఎందుకు?"

ఆయన భార్య బాబు టోపీ సర్దింది. నుదురు కనబడకుండా సర్దింది. ఆ సర్దడం నాకు తెలుసు.

అప్పుడు చెప్పాను. నాలుగేండ్లలో మొదటిసారి, ఎవరికైనా. స్టాఫ్‌రూమ్, ఫోన్, మూడు కారణాలు, అన్నీ. మేడమ్ చేతులు తీసేయడం చెప్పాను. "ముందు హైదరాబాద్ పోండి. నాందేడ్ ఎటూ పోదు. నేను ఆ తారీఖు వద్దన్న మనిషిని. కౌంటర్‌ల ఎవరో అమ్మాయి దయతోని ఆ పేరు కొట్టెయ్యకుండ ఉంచింది, లేకుంటే మా పాప సంగతి ఏమయ్యేదో."

 సునీత చాయ్ తెచ్చి, కప్పులు ఒక్కొక్కటే వాళ్ళ ముందు పెట్టింది. నా ముందు కూడా పెట్టింది.

"దయ గాదు," అంది. "నువ్వు వద్దన్న మెసేజ్ నా ఫోన్‌కు వచ్చింది. నేనే మళ్ళ ఫోన్ జేసి పెట్టించిన. నువ్వు రాకుంటే పిల్లను తీస్కొని పోదామని, పొద్దుగాల్ల బస్సు ఎన్ని గంటలకున్నదో గూడ కనుక్కున్న."